జవాబు సరైనదని ఎవరు చెప్పాలి?

మా ఇంట్లో లెక్కల టీచర్లు ఇద్దరు. మేనత్త కృష్ణా జిల్లాలో జిల్లా పరిషత్ బాలికల హైస్కూల్లో స్కూల్ అసిస్టెంటుగా చేసి రిటైరైంది. చెల్లెలు పల్నాడులో ఒక కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో, అంటే ఆడపిల్లలు హాస్టల్లో ఉండి చదువుకునే బడిలో, లెక్కలు చెబుతుంది. ఇద్దరికీ ఒక్క విషయంలో పొసగదు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో, అంటే అంకెల లెక్కలు దాటి బీజగణితంలోకి అడుగుపెట్టే ఆ మూడేళ్లలో, ఆడపిల్లకి ముందు కావలసింది ధైర్యమా, సాధనా? నా కూతురు ఇప్పుడు ఏడో తరగతి. అందుకని ఈ వాదన నాకు చాలా ముఖ్యం. వాళ్లు మాట్లాడుకున్నది రాస్తున్నాను. మధ్యలో నాకు తోచింది నేనూ చెబుతాను.

చెల్లెలు: ఎనిమిదో తరగతి పిల్లకి 2ఎక్స్ + 5 = 19 ఇచ్చానత్తా. చక్కగా చేసింది. ఐదుని అటు తీసుకెళ్లింది, 14 వచ్చింది, రెండుతో భాగించి 7 రాసింది. పక్కపిల్ల నోటులో 12 కనబడింది. వెంటనే రబ్బరు తీసి తన 7 చెరిపేసి 12 రాసుకుంది. ఆ పిల్లకి లెక్క రాదంటావా?

అత్త: రాదనే అంటాను. వస్తే చెరపదు.

చెల్లెలు: మెట్లన్నీ సరిగ్గా వేసింది కదా!

అత్త: మెట్లు వేయడం వేరు, ఆ 7 ఏమిటో తెలియడం వేరు. ఏడు రెళ్లు పద్నాలుగు, ఐదు కలిపితే పందొమ్మిది అని ఒక్కసారి మనసులో అనుకుని ఉంటే, పక్కపిల్ల కాదు కదా, నువ్వొచ్చి 12 అన్నా వినేది కాదు. దీన్ని మీరు ఆత్మవిశ్వాసం లేకపోవడం అంటారు. నేను అర్థం కాకపోవడం అంటాను.

చెల్లెలు: సరే, ఆ పక్కపిల్లకీ అర్థం కాలేదు కదా, 12 రాసింది. ఆమె ఎందుకు చెరపలేదు? ఇద్దరికీ అర్థం కాలేదు, ఒకరు నిలబడ్డారు, ఒకరు వంగారు. ఆ తేడాకి నువ్వేం పేరు పెడతావు?

అత్త: పక్కపిల్ల అసలు పక్కకి చూడలేదేమో.

చెల్లెలు: నేనడిగేదీ అదే. ఎవరు పక్కకి చూస్తారు, ఎందుకు చూస్తారు?

అత్త: చూడమ్మాయ్, పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడల్లా ఉత్తీర్ణతలో బాలికలదే పైచేయి అని పేపర్లు రాస్తాయి. ఆంధ్రలోనూ అంతే, తెలంగాణలోనూ అంతే. ధైర్యం లేని పిల్లలకి ఆ మార్కులు ఎక్కడినుంచి వచ్చాయి?

చెల్లెలు: పాసవడానికి ధైర్యం అక్కర్లేదు, అచ్చుగుద్దినట్టు రాస్తే చాలు. తర్వాతి సంగతి చూడు. ఐఐటీల్లో బీటెక్ చేసేవాళ్లలో అమ్మాయిలు పదో వంతు కూడా లేరనే కదా 2018లో వాళ్లకని అదనపు సీట్లు పెట్టారు. మొదట 14 శాతం చేద్దాం, 2020కల్లా 20 శాతానికి తెద్దాం అనుకున్నారు. పదిలో ముందున్న పిల్లలు అక్కడికి వెళ్లేసరికి ఏమయ్యారు?

అత్త: కోచింగ్ ఫీజు ఎవరికి కట్టారో అడుగు. కొడుకుని హాస్టల్లో పెట్టి రెండేళ్లు చదివిస్తారు, కూతుర్ని ఊళ్లో కాలేజీలో వేస్తారు. డబ్బు దగ్గర వచ్చిన తేడాని పిల్ల మనసు మీదకి నెట్టకు.

చెల్లెలు: డబ్బు సంగతి ఒప్పుకుంటాను. కానీ తెలివిలో తేడా లేదని తేలిపోయింది. 2008లో అమెరికాలో పది రాష్ట్రాల పరీక్షల ఫలితాలు, రెండో తరగతి నుంచి పదకొండు వరకు, 70 లక్షల మందికి పైగా పిల్లలవి తీసి చూస్తే, సగటు మార్కుల్లో ఆడామగా తేడా కనబడలేదు. ఇంకోపక్క పదిహేనేళ్ల పిల్లలకి దేశదేశాల్లో పెట్టే పీసా పరీక్ష ఉంది కదా. 2012లో దాంతోపాటు భయం గురించి కూడా అడిగారు. ఒకే మార్కులు వచ్చిన అబ్బాయినీ అమ్మాయినీ పక్కపక్కన పెట్టి చూసినా లెక్కలంటే కంగారు అమ్మాయికే ఎక్కువని తేలింది. మార్కు ఒకటే, భయం వేరు. దీనికి నీ సాధన ఏం చేస్తుంది?

నా చదువూ, నా స్నేహితురాళ్ల చదువూ తలుచుకుంటే చెల్లెలి మాట నిజమనిపిస్తుంది. మాలో లెక్కలు బాగా వచ్చినవాళ్లు కూడా "ఏదో అలా వచ్చేసిందిలే" అనేవాళ్లు. తప్పు చేసినప్పుడు మాత్రం "నాకు లెక్కలు రావు" అనేవాళ్లు. ఒప్పు అదృష్టం ఖాతాలోకి, తప్పు తమ ఖాతాలోకి. అయినా అత్త ఇక్కడ తగ్గలేదు, తగ్గకపోవడమే మంచిదైంది.

అత్త: భయం ఉందంటే ఉంది. మందేమిటో చెప్పు. గోడల మీద బొమ్మలా? "అమ్మాయిలూ, మీరు సాధించగలరు" అని ప్రార్థనలో ఉపన్యాసమా?

చెల్లెలు: ఆ ఉపన్యాసాల మీద నాకూ నమ్మకం తగ్గింది. ఆడవాళ్లకి లెక్కలు రావన్న మాట పరీక్షకి ముందు గుర్తొస్తే చాలు, మార్కులు పడిపోతాయని 1999లో అమెరికాలో ఒక ప్రయోగం ప్రచురించారు. చాలా పేరొచ్చింది. 2018లో నెదర్లాండ్స్‌లో రెండు వేల మందికి పైగా హైస్కూలు పిల్లల మీద అదే జాగ్రత్తగా చేసి చూస్తే అలాంటి ప్రభావం కనబడలేదు. కాబట్టి ఒక మాటతో పడిపోతారనీ, ఒక మాటతో లేచి నిలబడతారనీ నేను అనను. ఏళ్ల తరబడి చూసేది మాత్రం ఒంటబడుతుంది. 2010లో ఇంకో అధ్యయనం వచ్చింది. ఒకటి, రెండు తరగతులు చెప్పే 17 మంది టీచర్లు, అందరూ ఆడవాళ్లే. లెక్కలంటే తనకే భయం ఉన్న టీచరమ్మ దగ్గర ఏడాది చదివాక, "మగపిల్లలకి లెక్కలు, ఆడపిల్లలకి చదవడం" అనే నమ్మకం ఆడపిల్లల్లో పెరిగింది. అలా నమ్మిన పిల్లల లెక్కలే వెనకబడ్డాయి. ఏడాది మొదట్లో ఆ తేడా లేదు. మగపిల్లలకి అంటలేదు.

అత్త: అంటే తప్పు మళ్లీ ఆడవాళ్లదేనా?

చెల్లెలు: తప్పని కాదు, అంటుకుంటుంది అంటున్నాను. "నాకూ లెక్కలు రావమ్మా, మీ నాన్నని అడుగు" అని వంటింట్లోంచి అమ్మ అన్నప్పుడు కూతురు ఏం నేర్చుకుంటుంది? నా దగ్గరున్నవాళ్లందరూ ఆడపిల్లలే. పక్క బెంచీలో మగపిల్లాడు లేడు, నవ్వేవాడు లేడు. అయినా వెనకడుగు ఉంది. ఇంటినుంచి మూటగట్టుకుని వచ్చిందే అది.

అత్త: నా స్కూలూ ఆడపిల్లలదే. నాకు లెక్కలంటే ఏనాడూ భయం లేదు. నా పిల్లల్లో మాత్రం భయం ఉండేది.

చెల్లెలు: నువ్వు గడియారం పట్టుకుని కూర్చునేదానివి కదత్తా. ఎవరు ముందు లేచి చెబితే వాళ్లు తెలివైనవాళ్లు. ఆలోచించేవాళ్లంతా మందబుద్ధులైపోయేవాళ్లు.

అత్త ఒక్క క్షణం ఊరుకుని, వేరే దారిలో వచ్చింది. ఆ దారే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది.

అత్త: భయం అని నువ్వు అంటున్నదాంట్లో సగం గైర్హాజరీ అమ్మా. ఏడో తరగతిలోనో, ఎనిమిదిలోనో పిల్ల పెద్దమనిషి అవుతుంది. కొన్నిళ్లలో తొమ్మిది రోజులు, కొన్నిళ్లలో పదకొండు, బంధువులు కుదరకపోతే ఇంకా ఎక్కువ. బడికి పంపరు. ఆ పదకొండు రోజుల్లో ఋణ సంఖ్యల గుణకారమో, సామాన్య సమీకరణాలో అయిపోతాయి. సాంఘికంలో ఒక పాఠం పోతే ఒక పాఠమే పోతుంది. లెక్కల్లో ఒకటి పోతే దాని మీద కట్టేదంతా పోతుంది. తిరిగొచ్చిన పిల్ల "నాకు ఈ పాఠం చెప్పలేదు" అనదు. ఎందుకు రాలేదో అందరికీ తెలుసు, ఆ సిగ్గుతో అడగదు. నెల తిరిగేసరికి "నాకు లెక్కలు రావు" అంటుంది. మీ పల్నాడులో మిర్చి కోతలొకటి. ఇంటికెళ్లిన పిల్ల వారం తర్వాత తిరిగొస్తే నయం.

చెల్లెలు: నిజమే. ప్రతి నెలా ఆ రెండు మూడు రోజులు కూడా కలుపుకో.

అత్త: కలిపాను. ఊళ్లో చదివే పిల్లయితే రాత్రి ట్యూషన్‌కి తమ్ముడు వెళ్తాడు, ఆమె వెళ్లదు. ఈ పిల్లలకి ముందు ఇవ్వాల్సింది పోయిన పాఠం. తర్వాత కావాలంటే ధైర్యం ఇవ్వు.

చెల్లెలు: పోయిన పాఠం అడగాలంటే ధైర్యమే కావాలి కదత్తా. అడగకుండానే మనం ఇవ్వాలంటావా?

అత్త: హాజరు పట్టీ నీ చేతిలోనే ఉందిగా. ఎవరు ఏ తేదీన రాలేదో, ఆ తేదీన నువ్వేం చెప్పావో నీకు తెలుసు. పిల్ల వచ్చిన రోజే స్టడీ అవర్లో పక్కన కూర్చోబెట్టుకో. అడిగే అవసరమే రాకూడదు.

ఇది నాకు నచ్చిన మాట. నా కూతురి విషయంలో కూడా గుర్తుపెట్టుకోవలసిన మాట.

అత్త: ఇక అసలు లెక్కల్లోకి రా. మీ పిల్లలు ఎక్కడ తప్పుతున్నారు?

చెల్లెలు: నువ్వు చూసినచోటే. −3 − 5 అంటే 8 అంటారు. "మైనస్ మైనస్ ప్లస్" అని బట్టీ పట్టారు మరి. 3ఎక్స్ = 12 ఇస్తే 12లోంచి 3 తీసేసి 9 అంటారు, పక్షం మారితే గుర్తు మారుతుందన్నాం కదా. 2ఎక్స్ + 3 కనబడితే 5ఎక్స్ చేసేస్తారు. ఎక్స్ విలువ 5 అంటే 2ఎక్స్‌ని 25 అని చదివేవాళ్లూ ఉన్నారు.

అత్త: చూశావా, ఇవి భయం వల్ల వచ్చే తప్పులు కావు. ఒక్కో తప్పు వెనకా మనం చెప్పిన ఒక అడ్డదారి ఉంది. అడ్డదారి చెప్పింది మనం, పిల్ల దాన్ని నమ్మింది. నమ్మినందుకు తప్పు వచ్చింది.

చెల్లెలు: అక్కడే భయం పుడుతుందత్తా! టీచరు చెప్పినట్టే చేశాను, అయినా తప్పన్నారు, ఇక దేన్ని నమ్మాలి అని. ఆడపిల్లలు మనం చెప్పింది ఎక్కువ వింటారు. వాళ్ల నోట్సు చూడు, మార్జిన్లు, ఎర్ర గీతలు, తలకట్టు కూడా చెదరదు. అంత బుద్ధిగా విన్నవాళ్లకే ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది.

అత్త: సమానం గుర్తు సంగతి కూడా అంతే. ఐదో తరగతి దాకా ఆ రెండు గీతలంటే "ఇక్కడ జవాబు రాయి" అని అర్థం. ఏడులో హఠాత్తుగా ఇటూ అటూ ఒకే విలువ అంటాం.

చెల్లెలు: దాని మీద 1999లో అమెరికాలో ఒక పరిశీలన వచ్చింది. 8 + 4 = ఖాళీ గడి + 5. ఆ గడిలో ఏం రావాలని ఆరో తరగతి పిల్లలు 145 మందిని అడిగారు. ఒక్కరూ 7 రాయలేదు. దాదాపు అందరిదీ అయితే 12, కాకపోతే 17.

అత్త: వాళ్లలో మగపిల్లలూ ఉన్నారుగా! అందరూ తప్పిన చోట ఆడపిల్లల ధైర్యం గురించి మాట్లాడతావేం?

చెల్లెలు: అందరూ తప్పారు. తప్పాక "ఈ లెక్క తిక్కగా ఉంది" అనేవాళ్లు కొందరు, "నేనే తిక్కదాన్ని" అనుకునేవాళ్లు కొందరు. నా పని రెండో రకం వాళ్లతో. అందుకే వాళ్లకి మాసెరెస్ గురించి చెబుతాను. 1758లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ మాసెరెస్ అనే ఆయన, ఈ ఋణ సంఖ్యల గోలంతా బీజగణితంలోంచి తీసేయాలని పుస్తకమే రాశాడు. దానికి పదకొండు శతాబ్దాల ముందే, 628లో, బ్రహ్మగుప్తుడు అప్పుల మాటల్లో వాటి నియమాలన్నీ రాసిపెట్టాడు. అప్పుని అప్పుతో గుణిస్తే ధనం అనేదీ అందులో ఉంది. మాసెరెస్ లాంటివాళ్లకే మింగుడుపడని విషయం నీకు వారంలో రాలేదని ఏడుస్తావేమే అంటాను. పిల్ల ముఖం విప్పారుతుంది. అది పొగడ్త కాదు, నిజం.

అత్త: ఈ మాట బావుంది. చెప్పు, తప్పకుండా చెప్పు. కానీ చెప్పి వదలకు. −3 − 5 దగ్గరికి రా. మీ పిల్లల తల్లులంతా డ్వాక్రా సంఘాల్లో ఉన్నవాళ్లే. మూడు వేలు అప్పుంది, ఇంకో ఐదు వేలు తెచ్చింది. ఇప్పుడు చేతిలో ఎనిమిది వేలున్నాయా, ఎనిమిది వేలు అప్పుందా? ఏ పిల్ల తప్పు చెబుతుంది?

చెల్లెలు: కూడికలకి సరే. (−1) × (−2) దగ్గర ఏం చేస్తావు? అప్పుని అప్పుతో గుణించడమేమిటని పిల్ల అడుగుతుంది.

అత్త: అక్కడ అప్పు వదిలేయాలి. వరసగా రాయించు. మూడు ఇంటూ మైనస్ రెండు, మైనస్ ఆరు. రెండు ఇంటూ అయితే మైనస్ నాలుగు. ఒకటికి మైనస్ రెండు. సున్నాకి సున్నా. ప్రతి మెట్టుకీ రెండేసి పెరుగుతోంది. తర్వాతి మెట్టు మైనస్ ఒకటి ఇంటూ మైనస్ రెండు. ఎంత రావాలో పిల్లనే చెప్పమను. పిల్లే చెబుతుంది, రెండని. నువ్వు నోరు విప్పకూడదు.

చెల్లెలు: నువ్వేనా ఈ మాట అంటున్నది! గడియారం పట్టుకునే అత్తేనా?

అత్త: గడియారం తర్వాత. మొదట తెలియాలి, తర్వాత చేయి తిరగాలి. ఈ వరసని ఇరవైసార్లు వేరువేరు అంకెలతో రాయిస్తాను. నీకు విసుగొస్తుంది, పిల్లకి రాదు.

చెల్లెలు: అమెరికాలో డానికా మెకెల్లర్ అని ఒక నటి ఉంది. చిన్నప్పుడే టీవీలో పేరు తెచ్చుకుని, తర్వాత లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో గణితం చదివి, ఇంకో ఇద్దరితో కలిసి ఒక సిద్ధాంతం కూడా నిరూపించింది. సరిగ్గా ఈ వయసు ఆడపిల్లల కోసం 2008లో 'కిస్ మై మ్యాథ్' అని పుస్తకం రాసింది. ఋణ సంఖ్యలు, చరరాశులు, సమీకరణాలు, అన్నీ అమ్మాయిల పత్రికలా, అక్క చెల్లెలికి చెప్పినట్టు ఉంటాయి. మన తెలుగులో అలాంటిది ఉంటే బావుండనిపిస్తుంది.

అత్త: అక్కలా చెప్పడం బావుంది. ముస్తాబు ఎక్కువైతేనే నాకు అనుమానం. లెక్కకి పూలజడ వేస్తే కానీ ఆడపిల్ల చూడదనుకోవడం కూడా చిన్నచూపే. మీరు చెప్పే పళ్ల ఉదాహరణ చూడు. 3అ + 2బ అంటే మూడు అరటిపళ్లు, రెండు బత్తాయిలు అని చెబుతారు. పిల్ల సంతోషిస్తుంది. రేపు 3అ ఇంటూ 2బ వస్తుంది. అరటిపళ్లని బత్తాయిలతో ఎలా గుణిస్తుంది? అక్షరం పండుకి గుర్తు కాదు, సంఖ్యకి గుర్తు. పండు ధర అని చెప్పు, నిలబడుతుంది. తియ్యగా ఉందని తప్పు చెప్పకూడదు.

చెల్లెలు: ఒప్పుకుంటాను. మరి 7 చెరిపేసిన పిల్ల సంగతి? నువ్వింకా ఆమెకి ఏమీ ఇవ్వలేదు.

అత్త: ఇస్తాను. పాఠ్యపుస్తకంలో సమీకరణం సాధించాక కింద ఏముంటుంది? "సరిచూచుట." వచ్చిన విలువని మొదటి సమీకరణంలో పెట్టి, ఎడమవైపు ఎంత, కుడివైపు ఎంత చూడటం. దానికి మార్కుల్లేవని పిల్లలు వదిలేస్తారు. టైం లేదని మనమూ వదిలేస్తాం. 12 పెట్టి చూస్తే ఇరవై తొమ్మిది, 19 కాదు. 7 పెడితే 19. అయిపోయింది. పక్కపిల్లని చూడక్కర్లేదు, నిన్ను అడగక్కర్లేదు, వెనక పేజీల్లో జవాబులు వెతకక్కర్లేదు.

ఈ వాదనంతటికీ నాకు గుండెకాయలా కనబడింది ఈ మాటే. ఈ వయసు ఆడపిల్ల ప్రతిదానికీ ఎవరో ఒకరు బాగుందనాలని చూస్తుంది. బట్టలకి అమ్మ, జడకి స్నేహితురాలు, నోటుకి టీచరమ్మ. అక్షరదోషం దిద్దాలంటే పెద్దవాళ్లు కావాలి, సైన్సు జవాబు దిద్దాలంటే పుస్తకం కావాలి. సమీకరణానికి మాత్రం తీర్పు చెప్పే అధికారం పదమూడేళ్ల పిల్ల చేతిలోనే ఉంది. ఆ అధికారాన్ని మనం వాడనివ్వడం లేదు. "మేడం, ఇది కరెక్టేనా?" అని నోటు పట్టుకుని వరసలో నిలబడేలా చేస్తున్నాం.

చెల్లెలు: ఇది నేననాల్సిన మాట, నువ్వన్నావు! అయితే ఆ పిల్ల నాకు చూపించేముందు తనే సరిచూసుకోవాలి. నేను టిక్కు పెట్టను.

అత్త: పెట్టకు. కానీ గుర్తుపెట్టుకో, ఎక్స్ విలువ మైనస్ మూడో, ఐదింట రెండో వచ్చిందనుకో, సరిచూడటానికి భిన్నాలు రావాలి, ఋణ సంఖ్యలు రావాలి. ఎనిమిదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించగలిగేవాళ్లు పల్లెల్లో సగం కూడా లేరని, పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ నివేదికలు చెబుతున్నాయి కదా. లెక్క కట్టడం రాని పిల్ల సరిచూస్తే, సరైన జవాబు కూడా తప్పని తేలుతుంది. అప్పుడు ఉన్న ధైర్యమూ పోతుంది. అందుకే రోజూ పది నిమిషాలు నా సాధన ఉండాల్సిందే.

చెల్లెలు: గడియారం లేకుండా అయితే ఉంటుంది.

అత్త: మొదటి మూడు నెలలు లేకుండా.

చెల్లెలు: 2ఎక్స్ + 3ని 5ఎక్స్ అనేవాళ్లకి? అక్కడ సమీకరణం లేదుగా సరిచూడటానికి.

అత్త: ఎక్స్‌కి ఒక అంకె పెట్టమను. ఒకటి పెడితే మాత్రం జాగ్రత్త. అటూ 5, ఇటూ 5 వచ్చి పిల్ల మోసపోతుంది. రెండు పెట్టమను. అటు 7, ఇటు 10. ఒక్క అంకె కలిసినంత మాత్రాన రెండూ ఒకటి కావని కూడా అక్కడే తెలుస్తుంది. −3 − 5 అయితే, వచ్చిన జవాబుకి ఐదు కలపమను. మైనస్ మూడు తిరిగి రావాలి. ఎనిమిదికి ఐదు కలిపితే పదమూడు వస్తుంది, అదే చెబుతుంది తప్పని.

చెల్లెలు: రబ్బరు మాత్రం క్లాసులో ఉండనివ్వనత్తా. తప్పు మెట్టు మీద ఒక్క గీత గీసి, కింద కొత్తగా రాయాలి. ఏం చేసిందో ఆమెకీ కనబడాలి, నాకూ కనబడాలి.

అత్త: నోటు పాడవుతుందని ఏడుస్తారు.

చెల్లెలు: నోటు అందంగా ఉండాలన్న బెంగే కదా ముందు పోవాల్సింది. ఇంకొకటి. సరిచూసింది, కుదరలేదు, ఎక్కడ తప్పిందో వెతికే టైం లేదు. "నా జవాబు తప్పు, 19 రావాలి, 29 వచ్చింది" అని రాసి ఇచ్చింది. అలాంటి పిల్లకి సగం మార్కులిస్తాను.

అత్త: పబ్లిక్ పరీక్షలో ఆ మాటకి మార్కు ఎవరిస్తారు?

చెల్లెలు: నా స్లిప్ టెస్టులో నేనిస్తాను. తన తప్పు తనే పట్టుకుంది కదా, గుడ్డిగా 12 రాసినవాళ్ల కంటే ఆమెకి ఎక్కువే తెలుసు.

అత్త: స్లిప్ టెస్టు వరకు ఇచ్చుకో, అదీ సగం కాదు, పావు. తొమ్మిదికొచ్చేసరికి ఆ తప్పు ఎక్కడుందో కూడా ఆమే పట్టుకోవాలి, టైంలోనే పట్టుకోవాలి. అంతవరకు చెయ్యి తిప్పించడం నీ పని.

చెల్లెలు: పావు కాదత్తా, సగం. ఆ మిగతా పని మాత్రం చేస్తాను.